మెట్లెక్కిన దానం

పంచుకున్న రొట్టె: చరిత్ర ధారావాహిక, 6వ భాగం

గత భాగంలో 1617 నాటి షాతియోన్ ఊరి సంగతి చెప్పుకున్నాం. ఊరి బయట ఒక ఇంట్లో అందరూ జబ్బుపడి, వండిపెట్టే దిక్కు లేక ఉన్నారని విచారణ గురువు విన్సెంట్ డి పాల్ పూజలో చెప్పగానే, ఊరు ఊరంతా రొట్టె, మాంసం పట్టుకుని ఆ ఇంటికి బయలుదేరింది. ఆ జనాన్ని చూసి ఆయన సంతోషించాడు. వెంటనే ఒక చింత కూడా పట్టుకుంది. ఇవాళ తినలేనంత వచ్చి పడింది, మిగిలింది పాడైపోతుంది, మరి రేపటి సంగతేమిటి? ఆ చింతలోంచే వంతుల పద్ధతి పుట్టింది. ఊళ్లోని స్త్రీలు రోజుకొకరు చొప్పున రోగులకు భోజనం తీసుకెళ్లాలి. ఇంట్లో తోడున్న రోగుల దగ్గర మొదలుపెట్టి, ఎవరూ లేనివాళ్ల దగ్గర ముగించాలి. అలాగైతే ఒంటరివాళ్ల దగ్గర ఎక్కువసేపు కూర్చోవచ్చని ఆ సంఘం నియమావళిలోనే రాసుకున్నారు.

ఆ ఊరి నుంచి ఇప్పుడు రెండు వందల ఏళ్లు దాటి పారిస్ నగరానికి వెళ్దాం. ఊళ్లో ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో అందరికీ తెలుస్తుంది. లక్షల మంది కిక్కిరిసిన నగరంలో ఎవరికి తెలుస్తుంది? షాతియోన్ పద్ధతి మహానగరంలో బతుకుతుందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లు పెద్దలు కారు, ఇరవై ఏళ్లు నిండీ నిండని విద్యార్థులు.

కలరా వెళ్లాక

1789 విప్లవం తర్వాత ఫ్రాన్స్‌లో తిరుసభ ఆస్తులు జాతిపరమయ్యాయి. 1792లో మఠాలతో పాటు విచారణల్లోని భక్తసంఘాలు కూడా రద్దయ్యాయి. తరతరాలుగా పేదల కోసం విచారణలు దాచుకున్న నిధులు, నడుపుకున్న వంతులు చెదిరిపోయాయి. ఆ స్థానంలో ప్రభుత్వం సహాయ కార్యాలయాలు పెట్టింది. అవి మంచి ఉద్దేశంతోనే వచ్చాయి. కానీ అక్కడ పేదవాడు వరసలో నిలబడి పేరు రాయించుకుంటే తప్ప ఎవరి కంటా పడడు.

1831 నవంబరులో లియోన్ నగరంలో పట్టునేత కార్మికులు కూలి రేట్ల కోసం తిరగబడ్డారు. సైన్యం దిగి ఆ తిరుగుబాటును అణచింది. అదే నెలలో లియోన్‌లోనే పెరిగిన ఒక డాక్టరుగారి అబ్బాయి న్యాయశాస్త్రం చదవడానికి పారిస్ చేరాడు. పేరు ఫ్రెడరిక్ ఓజనామ్. 1813 ఏప్రిల్ 23న మిలాన్‌లో పుట్టాడు. తండ్రి పేద రోగుల ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే మనిషి. 1837లో అలాంటి ఒక రోగిని చూడబోయి మెట్ల మీద నుంచి పడే ఆయన ప్రాణం పోయింది. కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి మనమే వెళ్లాలన్నది ఓజనామ్‌కు ఎవరూ కూర్చోబెట్టి నేర్పాల్సిన పని లేకపోయింది.

పారిస్‌లో ఓజనామ్‌కు ఆశ్రయమిచ్చింది విద్యుచ్ఛాస్త్రంలో మహాపండితుడు ఆంద్రే మరీ ఆంపియర్. విద్యుత్ ప్రవాహాన్ని మనం నేటికీ కొలుస్తున్నది ఆయన పేరుతోనే. ఆ రోజుల్లో విశ్వవిద్యాలయంలో విశ్వాసం మాట ఎత్తితే వెక్కిరింపే. మనసు కుంగిన ఒక రోజు ఓజనామ్ దగ్గర్లోని సెంట్ ఎతియెన్ గుడిలోకి వెళ్లాడు. అక్కడ ఒక మూల మోకరించి జపమాల చెప్పుకుంటున్న ముసలాయన కనిపించాడు. చూస్తే ఆంపియర్! అంతటి శాస్త్రవేత్త అందరిలాగే మోకరించి ఉండటం చూశాక ఆ కుర్రవాడికి ధైర్యం వచ్చింది.

1832 వసంతంలో పారిస్‌ను కలరా ముట్టడించింది. ఆ ఒక్క ఏడాదే నగరంలో 18 వేల మందికి పైగా చనిపోయారు. మురికినీళ్లు, ఇరుకు గదులు ఉన్న పేటలే ఎక్కువ మూల్యం చెల్లించాయి. సంపాదించే మనిషి పోయిన ఇళ్లలో కలరా వెళ్లాక అసలు కష్టం మొదలైంది.

గుచ్చుకున్న ప్రశ్న

ఓజనామ్, అతని స్నేహితులు ఒక చర్చాగోష్ఠి నడిపేవాళ్లు. దానికి అండగా ఉన్నది ఇమ్మాన్యుయేల్ బయ్యీ అనే పత్రికా సంపాదకుడు. గోష్ఠికి ఎవరైనా రావచ్చు, ఏమైనా అడగవచ్చు. సెన్ సిమోన్ సోషలిస్టు భావాలను నమ్మిన ఒక విద్యార్థి ఒకనాడు సూటిగా అడిగాడు. మీ మతం ఒకప్పుడు గొప్ప పనులు చేసిందని ఒప్పుకుంటాను, ఇవాళ మీరు చేస్తున్నదేమిటి, చూపించండి అన్నాడు.

వాదనలో ఓజనామ్ తగ్గే మనిషి కాదు. కానీ ఈ ప్రశ్నకు మాటతో జవాబు లేదని అతనికి అర్థమైంది. ఆ సాయంత్రమే అతను, మిత్రుడు ల తయాందియే కలిసి చలికాలానికి తెచ్చుకున్న కట్టెల్లో మిగిలినవి మోసుకెళ్లి ఒక పేద కుటుంబానికి ఇచ్చారని ఓజనామ్ జీవిత చరిత్రలు చెబుతాయి.

1833 ఏప్రిల్ 23, మంగళవారం రాత్రి ఎనిమిదింటికి బయ్యీ పత్రిక ఆఫీసులో ఏడుగురు కూర్చున్నారు. ఓజనామ్, ల తయాందియే, లమాష్, లాలియే, క్లావే, దెవో, వాళ్లతో పాటు నలభై దగ్గరపడుతున్న బయ్యీ. ఓజనామ్‌కు ఆ రోజుతో సరిగ్గా ఇరవై ఏళ్లు నిండాయి. ఇక చర్చలు కాదు, పేదల ఇళ్లకు వెళ్దాం అని తీర్మానించుకున్నారు. దెవోను కోశాధికారిని చేశారు. సమావేశం చివర అతని టోపీ చేతులు మారింది. ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడలేదు. ఆ గుట్టు తర్వాత ఈ సంఘం ఆచారంగా స్థిరపడింది. తర్వాత విన్సెంట్ డి పాల్ సభగా పేరుపడిన ఈ సంఘం సమావేశాల్లో నేటికీ గుప్త చందా సంచి తిరుగుతుంది. చేతికి ఎముక లేనివాడూ, చేతిలో చిల్లిగవ్వ లేనివాడూ పక్కపక్కనే కూర్చోగలిగేలా చేసింది ఆ సంచే.

విద్యార్థుల దగ్గర డబ్బెక్కడిది? బయ్యీ తన పత్రికకు వాళ్ల చేత వ్యాసాలు రాయించుకున్నాడు. ఆ ప్రతిఫలం నేరుగా దెవో పెట్టెలోకి వెళ్లింది.

మూఫ్తార్ వీధి అమ్మ

వెళ్దామని అనుకోవడం తేలికే. ఎవరింటికి? ఏం పట్టుకుని? ఈ కుర్రవాళ్లకు పేదల ఇళ్ల దారి తెలియదు. ఆ దారి చూపించింది సిస్టర్ రోజలీ రాన్‌ద్యూ. చరిత్ర ఆమెను ఓజనామ్ నీడలో నిలబెట్టింది గానీ, న్యాయంగా చూస్తే ఈ కథకు గురువు ఆమె.

రోజలీ 1786లో స్విస్ సరిహద్దు దగ్గర, జూరా కొండల్లోని కోన్‌ఫోర్ అనే పల్లెలో పుట్టింది. విప్లవకాలంలో ప్రభుత్వానికి ప్రమాణం చేయని గురువులను దాచడం ప్రాణాంతకం. రోజలీ తల్లి ఇంట్లో అలాంటివాళ్లకు చోటిచ్చేది. కొత్తగా చేరిన పియేర్ అనే పనివాడికి మిగతా పనివాళ్లకు లేని మర్యాద దక్కడం ఆ చిన్నపిల్ల కనిపెట్టింది. ఒక రాత్రి చాటుగా చూస్తే ఆ పనివాడు దివ్యబలి పూజ చేస్తున్నాడు. ఆయన మారువేషంలో ఉన్న అన్నెసీ మేత్రాణులు. ఆకలేసిన మనిషికైనా, తరుముకొచ్చే చావు నుంచి పారిపోతున్న మనిషికైనా తలుపు తెరవడం ఆమె అక్కడే నేర్చుకుంది.

పదహారో ఏట పారిస్ వచ్చి, విన్సెంట్ డి పాల్, లూయీస్ ద మరియాక్ 1633లో స్థాపించిన మఠకన్యల సభలో చేరింది. మూఫ్తార్ వీధి ప్రాంతానికి పంపారు. తోళ్ల పనివాళ్లు, చిత్తుగుడ్డలు ఏరుకునేవాళ్లు బతికే పేట అది, నగరంలోకెల్లా బీద పేట. మొత్తం 54 ఏళ్లు ఆమె అక్కడే ఉండిపోయింది. ఉచిత వైద్యశాల, మందుల దుకాణం, బడి, పసిపిల్లల సంరక్షణ కేంద్రం, వృద్ధాశ్రమం ఒకటొకటిగా ఆమె చేతుల మీదుగా వెలిశాయి. ప్రభుత్వ సహాయ కార్యాలయం కూడా ఆ పేటలో ఆమె మీదే ఆధారపడింది. ఎందుకంటే ఏ మెట్ల చివర ఏ గదిలో ఎవరున్నారో ఆమెకు తెలుసు.

దెవో వెళ్లి అడగ్గానే ఆమె కుటుంబాల పేర్లు ఇచ్చింది. రొట్టెకూ కట్టెలకూ చీటీలు ఇచ్చింది. వాటికన్నా విలువైనది ఇంకొకటి ఇచ్చింది. పేదవాడు మీరు తెచ్చిన దానికన్నా మీరు తెచ్చిన తీరు చూస్తాడనీ, ఉపన్యాసాలు మానుకుని ముందు వినమనీ, కష్టంలో ఉన్నవాడు విసుక్కున్నా ఓర్చుకోమనీ ఆ చదువుకున్న పిల్లలకు నేర్పింది. చీటీలను ఎవరైనా పంచగలరు. మర్యాదగా తలుపు తట్టడం మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది.

గది లోపల

పద్ధతి ఇలా ఉండేది. ఇద్దరిద్దరు చొప్పున ఒక కుటుంబాన్ని దత్తత తీసుకున్నట్టు చూసుకోవాలి. వారం వారం వెళ్లాలి. మంగళవారం సమావేశంలో ఏం చూశారో చెప్పాలి. ఎవరికి ఏం అవసరమో అందరూ కలిసి నిర్ణయించాలి.

ఓజనామ్ వంతుకు వచ్చిన తొలి ఇళ్లలో ఒకదాంట్లో ఒక తల్లి, ఐదుగురు పిల్లలు ఉన్నారు. ఆమె రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చిన కూలి భర్త తాగుడుకు పోతోంది, పైగా దెబ్బలు. వారానికి రెండు రొట్టెలు ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ ఇంటి కష్టం తీరదు. ఓజనామ్ నలుగురినీ విచారించాడు, చట్టం చదివినవాడు కనుక కాగితాలు చూశాడు. ఆ పెళ్లికి చట్టరీత్యా కట్టుబాటే లేదని తేలింది. ఆమెకు ఆ మాట చెప్పి, ఆ మనిషి బారి నుంచి విడిపించి, మిత్రులంతా చందా వేసుకుని బ్రిటనీలోని పుట్టింటికి చేర్చారు.

ఆ ఇంటికి రొట్టె మాత్రమే అందించి ఉంటే ఆ స్త్రీ జీవితాంతం దెబ్బలు తింటూ రొట్టె తీసుకుంటూ ఉండేది. ఇంట్లో అడుగుపెట్టి, కూర్చుని, విన్నారు కాబట్టి ఆమెకు అసలు కావలసింది ఏమిటో తెలిసింది. వీళ్లు రొట్టెను పంపకుండా స్వయంగా పట్టుకెళ్లడానికి కారణం ఇదే. రొట్టె ఆ ఇంట్లోకి అడుగుపెట్టడానికి ఒక వీలు కల్పించింది, అంతే.

1834 ఫిబ్రవరిలో ల ప్రెవో అనే సభ్యుడి సూచన మీద వాళ్లు పునీత విన్సెంట్ డి పాల్‌ను తమ పాలక పునీతుడిగా ఎంచుకున్నారు. అలా షాతియోన్ వంతుల పద్ధతి, దాన్ని మొదలుపెట్టిన మనిషి పేరుతోనే పారిస్ మెట్లెక్కింది.

విడిపోతేనే పెరుగుతాం

ఇక ఈ భాగానికి ఆయువుపట్టు లాంటి ఘట్టం. చరిత్ర పుస్తకాలు దీన్ని రెండు వాక్యాల్లో దాటిపోతాయి. నా దృష్టిలో 1833 ఏప్రిల్ 23 కన్నా ఇదే ముఖ్యం.

ఏడాదిన్నర తిరిగేసరికి సభ్యులు వంద దాటారు. గది చాలడం లేదు. ఒక్కో కుటుంబం గురించి వివరంగా చెప్పుకునే వ్యవధి లేదు. కొత్తవాళ్లు మౌనంగా కూర్చుని వెళ్లిపోతున్నారు. 1834 డిసెంబరులో ఓజనామ్ ఒక ప్రతిపాదన పెట్టాడు. సంఘాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కో విచారణకు ఒక్కో శాఖ పెడదాం అన్నాడు.

సభ అట్టుడికిపోయింది. ఈ స్నేహమే మన బలం, దీన్ని మన చేతులతో మనమే తెంచుకుంటామా అన్నారు చాలామంది. మొదటి రోజు నుంచీ ఓజనామ్ పక్కన నడిచిన, ఆ కట్టెలు కలిసి మోసిన ల తయాందియే గట్టిగా వ్యతిరేకించాడు. డిసెంబరు 31న వాదన అర్ధరాత్రి దాకా సాగింది. తేల్చలేక బయ్యీ వాయిదా వేశాడు. కొత్త సంవత్సరం వస్తున్న ఆ వేళ, అంతసేపూ వాదించుకున్నవాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుని ఇళ్లకు వెళ్లారు.

రెండు పక్షాల్లోనూ న్యాయం ఉంది. మిత్రబృందం చెదిరిపోతుందన్న భయం అబద్ధం కాదు. కానీ ఓజనామ్ చూసింది ఇంకో సంగతి. స్నేహితుల కోసం కూడిన సంఘం స్నేహితులతోనే నిండుతుంది. పేటకొకటిగా పాతుకుంటే ఆ పేటలోని బడిపంతులు, దుకాణదారు, పనివాడు కూడా వస్తారు. ఎవరి పేటలోని పేదవాడు వాళ్లకు నడిచే దూరంలో ఉంటాడు. ఒకరి పేరు ఒకరికి తెలుస్తుంది. సంఘం ఒక్కచోట లావెక్కితే చందా పెరుగుతుంది గానీ పరిచయం తరిగిపోతుంది.

1835 ఫిబ్రవరిలో సంఘం విడిపోయింది. ఒక శాఖ సెంట్ ఎతియెన్ విచారణకు, ఒకటి సెంట్ సుల్పీస్ విచారణకు. తర్వాత సీన్ నది అవతలి ఒడ్డున ఉన్న విచారణల్లోనూ శాఖలు లేచాయి. ఆ ఏడాది డిసెంబరులో బయ్యీ, లాలియే కలిసి నియమావళి రాశారు. అదే ఏడాది దక్షిణాన నీమ్‌లో, మరుసటి ఏడాది లియోన్‌లో శాఖలు వెలిశాయి. 1844లో లండన్, డబ్లిన్. 1845లో అమెరికాలోని సెయింట్ లూయీస్. ఐర్లండ్‌లో బంగాళదుంప పంట కుళ్లి కరువు వచ్చినప్పుడు డబ్లిన్ శాఖలు అప్పటికే నిలబడి ఉన్నాయి. పారిస్ కేంద్రం 1847లో ఐర్లండ్ కోసం పిలుపు ఇస్తే, ఆ డబ్బును ఎవరి ఇంటికి చేర్చాలో తెలిసిన మనుషులు అక్కడ సిద్ధంగా ఉన్నారు. విడిపోతే చెదిరిపోతామని భయపడినవాళ్లు ఇంత విస్తరణను ఊహించి ఉండరు.

ఈ సంఘం చాలాకాలం మగవాళ్లదే. 1856లో ఇటలీలోని బొలోన్యాలో స్త్రీలు తమ సొంత శాఖ పెట్టుకున్నారు. ఈ రెండూ ఒక్కటైంది 1967లో. షాతియోన్‌లో వంతులు వేసుకుని కుండలు మోసింది స్త్రీలేనని గుర్తుంచుకుంటే ఇది ఎంత ఆలస్యమో తెలుస్తుంది.

దానమా, న్యాయమా?

ఇక్కడ ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఇలాంటి దానం పేదరికాన్ని అలాగే ఉంచి మనసుకు సర్ది చెప్పుకోవడం కాదా? ఆ కాలపు సోషలిస్టులు ఈ మాట గట్టిగానే అడిగారు. అడగవలసిన మాటే.

ఓజనామ్ దాన్ని తప్పించుకోలేదు. 1839–40లో లియోన్‌లో వాణిజ్య చట్టం బోధిస్తూ, కూలివాడి జీతం అతని పోషణకు, పిల్లల చదువుకు, ముసలితనానికి సరిపోవాలని చెప్పాడు. మనిషిని యంత్రంలా చూసే వ్యవస్థను తప్పుపట్టాడు. తర్వాత సోర్బోన్‌లో విదేశీ సాహిత్య ఆచార్యుడయ్యాడు. దాంతే మీద పరిశోధన చేసిన పండితుడు, అయినా మెట్లెక్కడం మానలేదు. 1848 విప్లవంలో సామాన్యుల పక్షాన నిలవాలని తోటి కతోలికులకు చెప్పి, మిత్రులతో కలిసి పత్రిక పెట్టాడు. అవమానించే సహాయం వేరు, గౌరవించే సహాయం వేరు అని అందులో రాశాడు. ఇచ్చినవాడు ఏదో ఒకనాడు తానూ పుచ్చుకునేవాడే అని గుర్తించినప్పుడే సహాయం గౌరవంగా మారుతుందన్నది ఆయన వాదన.

ఆ జూన్‌లో పారిస్ వీధుల్లో అంతర్యుద్ధం చెలరేగింది. మధ్యవర్తిగా వెళ్లమని అగ్రపీఠాధిపతి ఆఫ్ర్‌ను కోరినవాళ్లలో ఓజనామ్ ఒకడు. ఆయన వెళ్లాడు, బారికేడ్ దగ్గర తూటా తగిలి మరణించాడు. మూఫ్తార్ పేటలో మాత్రం తిరుగుబాటుదారులు తరుముకొచ్చిన ఒక సైనికాధికారిని సిస్టర్ రోజలీ గుమ్మంలో అడ్డునిలిచి కాపాడింది. తుపాకులు పట్టినవాళ్లు ఆమె మాట విన్నారు. ఆ పేటతో ఆమెకున్న దశాబ్దాల అనుబంధం ఆ రోజు ఒక ప్రాణం నిలిపింది.

న్యాయం కోసం మాట్లాడటానికీ, ఒక ఇంటికి వెళ్లడానికీ మధ్య ఓజనామ్‌కు పేచీ లేదు. ఒక కొత్త సంవత్సరం రోజున తెలిసిన పేద కుటుంబం తమ చివరి బట్టల బీరువాను తాకట్టు పెట్టిందని ఆయనకు గుర్తుకొచ్చింది. విడిపించి ఇద్దామనుకుంటే భార్య అమెలీ వారించింది. సాయంత్రం కూతురు మరీ ముందు కుప్పగా ఉన్న ఆటబొమ్మలు చూసి ఆయనకు మనసు ఒప్పలేదు. లేచి వెళ్లి ఆ బీరువా విడిపించి, వాళ్ల ఇంటికి చేర్పించి గానీ కుదుటపడలేదు.

1853 సెప్టెంబరు 8న, నలభై ఏళ్లకే మార్సేలో ఓజనామ్ కన్నుమూశాడు. రోజలీ 1856 ఫిబ్రవరి 7న. ఆమె అంతిమయాత్రలో పేట పేటంతా నడిచింది. తిరుసభ ఓజనామ్‌ను 1997లో, రోజలీని 2003లో ధన్యులుగా ప్రకటించింది.

మన గడపకు

ఈ సంఘం నేడు 150 దాకా దేశాల్లో ఉంది. మన తెలుగు విచారణల్లోనూ విన్సెంట్ డి పాల్ సభలు ఉన్నాయి. ఆదివారం పూజ అయ్యాక ఓ పక్క గదిలో కొద్దిమంది కూర్చుని, ఎవరి ఇంట్లో మందులకు లేవో, ఏ పిల్ల ఫీజు కట్టాలో మాట్లాడుకోవడం చాలామంది చూసే ఉంటారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు పక్కన తీసిపెట్టే అలవాటు తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఉండనే ఉంది. పిడికెడు చిన్నదే, కానీ ప్రతిరోజూ తీస్తారు. షాతియోన్ వంతుల్లోనూ, పారిస్ మంగళవారాల్లోనూ ఉన్న బలం ఇదే.

ఇప్పుడు డబ్బు పంపడం ఫోన్‌లో ఒక నొక్కు. పంపడం మంచిదే, పంపాలి కూడా. అయితే 1834 డిసెంబరులో ఆ కుర్రవాళ్లు అర్ధరాత్రి దాకా వాదించుకున్న ప్రశ్న మన విచారణ సంఘాలన్నిటి ముందూ ఉంది. మనం సాయం చేస్తున్నవాళ్ల పేర్లు మనకు తెలుసా? వాళ్ల ఇంటికి చివరిసారి ఎప్పుడు వెళ్లాం? సభ్యుల జాబితా పెరిగి ఈ ప్రశ్నలకు జవాబు దొరకకపోతే, ఓజనామ్ చెప్పిన వైద్యమే దారి. సంఘాన్ని చిన్న చిన్న శాఖలుగా చేసి, ప్రతి శాఖకూ నడిచే దూరంలో ఉన్న కొన్ని ఇళ్లు అప్పగించాలి. ఈ పనికి కొత్త నిధులు అక్కర్లేదు. వారానికి ఒక సాయంత్రం ఇవ్వగల ఇద్దరు మనుషులు ఉంటే మొదలుపెట్టవచ్చు.

(వచ్చే సంచికలో: చిన్నారి రోజలీ ఇంట్లో మారువేషంలో దాగిన మేత్రాణులు అన్నెసీవారు. ఆ అన్నెసీ నుంచే ఓడెక్కిన కొందరు గురువులు 1846లో విశాఖపట్నం చేరారు. వాళ్ల వెనకే 1849లో మఠకన్యలు వచ్చారు. తెలుగు నేల మీద వాళ్లు నాటిన విచారణల కథ.)